పెద్దవారిలో వెన్నుపూస విరిగితే: కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, చైతన్యపురి, ఎల్.బి.నగర్, వనస్థలిపురం వైపు నుంచి మన ఆసుపత్రికి వచ్చే పెద్దవారిలో చాలామంది చెప్పే మాట ఒకటే. "నడుం పట్టేసిందండీ." నీళ్ల బకెట్ ఎత్తినప్పుడో, గ్యాస్ సిలిండర్ జరిపినప్పుడో, ఆటో స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరినప్పుడో వెన్నులో కలుక్కుమంటుంది. సిటీ బస్సులో వెనక సీటులో కూర్చొని వచ్చినా చాలు. కొందరికి గట్టిగా దగ్గినప్పుడే మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు బామ్ రాస్తారు, మందుల షాపు నుంచి నాలుగు మాత్రలు తెస్తారు, "వయసైంది కదా" అనుకుంటారు. వారం పది రోజులు గడిచినా అమ్మ మంచం దిగలేకపోతే అప్పుడు తీసుకొస్తారు. ఎక్స్-రే చూసి "వెన్నుపూస విరిగింది" అని డాక్టరు గారు చెబితే ఇంటిల్లిపాదీ అడిగే ప్రశ్న, "పడలేదు కదా, ఎలా విరిగింది?"

మీరు ఇప్పుడు ఆ ప్రశ్నతోనే వార్డు బయట బెంచీ మీద కూర్చొని ఉండవచ్చు. ఈ పేజీలు మీ కోసమే.

పడకుండానే ఎముక ఎలా విరుగుతుంది?

వెన్నుపూస లోపలి భాగం గట్టి రాయిలా ఉండదు. తేనెపట్టులాగా సన్నని గోడలతో అల్లుకొని ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా స్త్రీలలో నెలసరి ఆగిపోయిన తరువాత, ఆ గోడలు పలచబడి కొన్ని తెగిపోతాయి. దీనినే ఎముకలు గుల్లబారడం, డాక్టర్ల భాషలో ఆస్టియోపొరోసిస్ అంటారు. పైకి దూలం బాగానే కనబడుతుంది కానీ లోపల చెదపట్టి ఉంటుంది. అలాంటి ఎముక మీద మామూలు బరువు పడినా ముందు భాగం నలిగి చీలలాగా అణిగిపోతుంది. ఛాతీ వెన్ను, నడుము వెన్ను కలిసే చోట ఇది ఎక్కువగా జరుగుతుంది. చేయి విరిగినట్టు రెండు ముక్కలు కాదు కాబట్టి పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

ఇలాంటి విరుగుళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు అసలు డాక్టరు దృష్టికే రావు. నానమ్మ ఏటేటా పొట్టిగా అవుతున్నట్టు, చీర కుచ్చిళ్లు నేలకు తగులుతున్నట్టు కనిపిస్తే అది ఉత్త వయసు కాదు. ఒకటి రెండు పూసలు ఎప్పుడో అణిగి ఉండవచ్చు. గూని కూడా చాలాసార్లు ఇలాగే వస్తుంది. గూని పెరిగితే పొట్ట నొక్కుకుపోయి నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది, ఊపిరి కూడా పూర్తిగా తీసుకోలేరు.

మన ప్రాంతంలో ఈ జబ్బుకు తోడయ్యే కారణాలు కొన్ని ఉన్నాయి. డాక్టరు గారు అడగకపోయినా మీరే చెప్పండి. మొదటిది, చిన్న వయసులోనే గర్భసంచి ఆపరేషన్ అయిందా? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ఆపరేషన్ ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు అప్పటి నుంచే బలం కోల్పోవడం మొదలవుతుంది. రెండవది స్టెరాయిడ్ మందులు. ఆయాసానికి, కీళ్లవాతానికి డాక్టరు రాసినవి సరే, పేరు లేని పొట్లాలు, పొడులు వాడి "అద్భుతంగా తగ్గింది" అనేవారు ఉన్నారు. ఆ అద్భుతం చాలాసార్లు లోపల కలిపిన స్టెరాయిడ్‌దే. ఆ పొట్లం దొరికితే తెచ్చి చూపించండి. అయితే నెలల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

మూడవది ఊరి నీళ్లు. ఎల్.బి.నగర్ మీదుగా పోయే విజయవాడ రహదారి వెంట వచ్చి ఇక్కడ స్థిరపడిన నల్గొండ కుటుంబాలు ఎన్నో. ఆ జిల్లా బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ సంగతి మీకు తెలియనిది కాదు. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పద్ధతికి "నల్గొండ టెక్నిక్" అనే పేరే పడింది. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లు తాగినవారి ఎముకలు పరీక్షలో చిక్కగా, బలంగా ఉన్నట్టు కనిపిస్తాయి కానీ పెళుసుగా ఉంటాయి, వెన్ను బిగుసుకుపోతుంది. అటువంటివారికి ఎముకల సాంద్రత పరీక్ష "బాగానే ఉంది" అని చెప్పి తప్పుదారి పట్టించవచ్చు. కాబట్టి ఇప్పటి చిరునామా ఒక్కటే కాదు, పెరిగిన ఊరు కూడా చెప్పాలి.

ఆసుపత్రిలో మొదట ఏమి చూస్తారు?

ఎముక గుల్లబారి విరిగిందా, లేక వేరే జబ్బు తినేసిందా అన్నది ముందు తేలాలి. మన దేశంలో వెన్నుకు క్షయ రావడం అరుదేమీ కాదు. శరీరంలో మరోచోట ఉన్న క్యాన్సర్ వెన్నుకు పాకవచ్చు, ఎముక మజ్జలోనే పుట్టే మైలోమా అనే క్యాన్సర్ కూడా ఇలాగే కనిపిస్తుంది. అందుకే "నడుం నొప్పికి ఇన్ని రక్తపరీక్షలా?" అని విసుక్కోకండి. జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, గతంలో క్యాన్సర్ చికిత్స వీటిలో ఏది ఉన్నా దాచకుండా చెప్పండి. ఎక్స్-రేలో అణిగిన పూస కనిపిస్తుంది కానీ అది నిన్నటిదో పదేళ్ల కిందటిదో చాలాసార్లు తెలియదు. కొత్త విరుగుడు అయితే ఎమ్మారైలో ఎముక లోపల వాపు కనిపిస్తుంది. పాత సినిమాలు ఇంట్లో ఉంటే బీరువా వెతికి తీసుకురండి, ఒక్కోసారి కొత్త స్కానింగ్ ఖర్చు తప్పుతుంది.

కాళ్లలో బలం తగ్గడం, తిమ్మిరి, మూత్రం రాకుండా ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ స్పర్శ లేకపోవడం నరాల మీద ఒత్తిడికి గుర్తులు. ఇవి వార్డులో కనిపిస్తే సిస్టర్‌ను అప్పుడే పిలవండి, రౌండ్స్ దాకా ఆగవద్దు. ఇంటి దగ్గర కనిపిస్తే తెల్లవారేదాకా చూడకుండా 108కి ఫోన్ చేయండి.

మంచం మీద, మంచం దిగేటప్పుడు

విరుగుడు కదా అని నెలల తరబడి పడుకోబెట్టాలనుకోవడం సహజం. మన పెద్దల కాలంలో అలాగే చేసేవారు. ఇప్పుడు అలా చేయము. నొప్పి మరీ తీవ్రంగా ఉన్న రెండు మూడు రోజులు విశ్రాంతి అవసరం కావచ్చు. ఆ తరువాత ప్రతి రోజూ మంచం మీదే గడిపితే కండలు కరుగుతాయి, ఎముక ఇంకా పలచబడుతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టవచ్చు, పుండ్లు పడతాయి. ఇలాంటి పెద్దవారి ప్రాణానికి ముప్పు విరిగిన పూస కంటే ఈ పడక వల్లే ఎక్కువగా వస్తుంది. ఫిజియోథెరపిస్టు వచ్చి లేపుతుంటే "ఇంకా నొప్పి అంటోంది, రేపు చూద్దాం" అని మీరు అడ్డుపడవద్దు.

కానీ లేపే పద్ధతి ఉంది, దానిని మీరు నేర్చుకొనే ఇంటికి వెళ్లాలి. మనవాళ్లు ప్రేమతో చేసే పొరపాటు ఏమిటంటే, రెండు చేతులూ పట్టుకొని ముందుకు లాగి కూర్చోబెడతారు. అప్పుడు వెన్ను ముందుకు వంగి, నలిగిన పూస మీదే బరువంతా పడుతుంది. ఇలా చేయండి. ముందు రెండు మోకాళ్లు మడిచి పాదాలు పరుపు మీద ఆనించమనండి. భుజం, తుంటి ఒకేసారి కదిలేలా, దుంగను దొర్లించినట్టుగా పక్కకు తిప్పండి. నడుము మెలిపడకూడదు. బెల్టు ఇస్తే ఇలా పక్కకు తిరిగి ఉన్నప్పుడే వెనక భాగం అమర్చి కట్టవచ్చు. తరువాత కాళ్లు మంచం అంచు నుంచి కిందికి జారవిడుస్తూ, అదే సమయంలో మోచేత్తో, అరచేత్తో పరుపును నొక్కి తానే లేవాలి. మీరు భుజం వెనక చేయి ఆనించి ఉంటే చాలు. కూర్చున్నాక ఒకటి రెండు నిమిషాలు ఆగండి, తల తిరుగుతుందేమో అడిగి అప్పుడు నిలబెట్టండి. నొప్పి మాత్రలు, బి.పి. మాత్రలు వాడేవారు లేవగానే తూలి పడిపోవడం మేము తరచుగా చూస్తున్నాం. పడుకునేటప్పుడు ఇదే వరుస తిరగేయాలి. సిస్టర్ చేస్తుండగా ఒకసారి చూడండి, మరుసటి రోజు సిస్టర్ ముందు మీరు చేసి చూపించండి. రాత్రి తోడు ఉండే మనిషి మారితే కొత్తగా వచ్చినవారికీ నేర్పాలి.

తనంతట తాను కదలలేనివారిని రెండు గంటలకు ఒకసారి పక్క మార్చాలి. మడమలు, పిరుదుల మధ్య ఎముక దగ్గర చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడండి. మూడు బంతులు ఉన్న ఊపిరి పరికరం ఇస్తే అది అల్మారాలో పెట్టడానికి కాదు, మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి చేయించాలి. కొందరు పెద్దమ్మలు మూత్రానికి లేవాల్సి వస్తుందని, కోడలిని ఇబ్బంది పెట్టడం ఎందుకని నీళ్లు తాగడం మానేస్తారు. అడిగితే "దాహం లేదమ్మా" అంటారు. ఫలితం మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం. ముక్కడం వల్ల వెన్ను నొప్పి మళ్లీ పెరుగుతుంది. ట్రామడాల్ వంటి మందులు వాడుతున్నప్పుడు మలబద్ధకం ఇంకా ఎక్కువ, విరేచనం సాఫీగా కావడానికి మందు మొదటి రోజు నుంచే అడగండి. నొప్పికి పారాసిటమాల్ వేళకు ఇవ్వడం, నొప్పి పెరిగాక ఇవ్వడం కంటే మేలు. డైక్లోఫెనాక్ లాంటివి మూత్రపిండాలు, కడుపు దెబ్బతీయగలవు. షాపులో మీ అంతట మీరు కొని వేయకండి.

రాత్రిపూట పెద్దాయన ఉన్నట్టుండి ఎవరెవరితోనో మాట్లాడటం, సెలైన్ పీకేయడం, మిమ్మల్ని గుర్తుపట్టకపోవడం జరిగితే భయపడకండి. గాలి సోకిందని గానీ, మతి పోయిందని గానీ అనుకోవద్దు. కొత్త చోటు, నొప్పి, మందులు, ఇన్‌ఫెక్షన్, నీళ్లు తక్కువవడం కలిసి పెద్దవారి మెదడును కొన్ని రోజులు తికమక పెడతాయి. కారణం వెతికి సరిచేస్తే చాలామంది తేరుకుంటారు. కళ్లద్దాలు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు ఇంట్లో వదిలిపెట్టి రావద్దు. తెలిసిన ముఖం పక్కన ఉండాలి. మన చాప్లెయిన్ గారు అడిగినవారి మంచం దగ్గరకు వచ్చి ప్రార్థన చేస్తారు. మీది ఏ మతమైనా సరే, కాసేపు మాట్లాడేవారు కావాలన్నా సిస్టర్‌తో చెప్పండి. విదేశాల్లో ఉన్న కొడుకు గొంతు ఫోన్‌లో వినిపించడం కూడా మందులాంటిదే, కాకపోతే అది పగటిపూట అయితే మంచిది.

సిమెంటు వేయించాలా?

ఎక్కువ కుటుంబాలు తలపట్టుకునేది ఇక్కడే. చర్మం గుండా సూది పంపి విరిగిన పూసలోకి ఎముకల సిమెంటు ఎక్కించడాన్ని వెర్టిబ్రోప్లాస్టీ అంటారు. దీనిని మొదట ఫ్రాన్సులో 1984లో చేశారు. ముందుగా చిన్న బెలూన్ ఉబ్బించి ఖాళీ చేసి ఆ తరువాత సిమెంటు నింపితే కైఫోప్లాస్టీ. లేవగానే నడిచేశారని పొరుగింటివాళ్లు చెప్పి ఉంటారు. నిజంగానే కొందరికి అలా ఉపశమనం వస్తుంది. కానీ 2009లో వెలువడిన రెండు పెద్ద పరిశోధనల్లో ఉత్త సూది మాత్రమే గుచ్చి సిమెంటు వేయనివారికీ, వేసినవారికీ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది. 2016లో వచ్చిన మరొక పరిశోధనలో, విరిగి ఆరు వారాలు దాటని, నొప్పి చాలా తీవ్రంగా ఉన్న పెద్దవారికి ప్రయోజనం కనిపించింది. అంటే ఇది అందరికీ కాదు, ఎవరికీ కాదు అని కూడా కాదు.

చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో నొప్పి దానంతట అదే బాగా తగ్గుతుంది. మందులు, బెల్టు, ఫిజియోథెరపీ సరిగా ఇచ్చినా మంచం దిగలేని స్థితి ఉంటే, ఎమ్మారైలో విరుగుడు కొత్తదేనని తేలితే, అప్పుడు సిమెంటు గురించి ఆలోచించడం న్యాయం. సిమెంటు పక్కకు కారి నరాలను నొక్కడం, రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరడం అరుదైనా ఉన్న ప్రమాదాలే. డాక్టరు గారిని సూటిగా అడగండి: "మా అమ్మకు ఇంకో మూడు వారాలు ఆగితే ఏమవుతుంది?" ఆ ప్రశ్నకు కోపగించుకోని డాక్టరే మంచి డాక్టరు. నరాలు నొక్కుకుపోయి కాళ్లు పడిపోతుంటే మాత్రం సంగతి వేరు, అక్కడ పెద్ద ఆపరేషన్ గురించి త్వరగా నిర్ణయించాలి.

నొప్పి తగ్గాక ఆగిపోకండి

నొప్పి తగ్గగానే ఫైలు బీరువాలోకి వెళ్లిపోతుంది. అదే మాకు ఎక్కువ దిగులు. ఒక పూస విరిగిన స్త్రీలలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఏడాది తిరగకుండానే మరొకటి విరిగినట్టు 2001లో వచ్చిన పరిశోధన చూపింది. తరువాతి వంతు తుంటిది కావచ్చు, అది విరిగితే ఆపరేషన్ తప్పకపోవచ్చు. నొప్పి మాత్ర నొప్పికి, బెల్టు వెన్నుకు ఆసరాకి. ఎముకకు మందు వేరే ఉంది.

వారానికి ఒకసారి వేసే అలెండ్రొనేట్ మాత్రను పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతోనే మింగాలి. టీతో గానీ పాలతో గానీ వేస్తే వృథా. తరువాత అరగంట పాటు పడుకోకూడదు, ఏమీ తినకూడదు, లేకపోతే అన్నవాహిక పుండు పడుతుంది. గుర్తుంటుందని చాలామంది ఆదివారం పెట్టుకుంటారు. ఉదయం మొదటి ఆరాధనకు హడావిడిగా బయలుదేరేవారు వేరే రోజు ఎంచుకోండి. ఇది కుదరనివారికి ఏడాదికి ఒకసారి సెలైన్‌లో ఇచ్చే జోలెడ్రొనిక్ యాసిడ్ ఉంది. దానికి ముందు మూత్రపిండాల పరీక్ష చేయాలి, విటమిన్ డి లోటు సరిచేయాలి. ఇచ్చిన తరువాత రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు. ఆరు నెలలకు ఒకసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్ మొదలుపెడితే తేదీ తప్పకూడదు. మధ్యలో మానేస్తే ఒకేసారి అనేక పూసలు విరిగిన సందర్భాలు ఉన్నాయి. డబ్బు ఇబ్బంది వస్తే మానేయడం కాదు, వచ్చి చెప్పండి, దాని స్థానంలో వేరే మందు ఇవ్వవలసి ఉంటుంది. ఎముక మరీ బలహీనంగా ఉంటే రోజూ వేసుకునే టెరిపారటైడ్ ఇంజెక్షన్ రాస్తారు. పుచ్చిన పళ్లు తీయించేది ఉంటే ఈ మందులు మొదలుపెట్టక ముందే తీయించడం మంచిది.

విటమిన్ డి 60,000 యూనిట్ల పొడి లేదా మాత్ర వారానికి ఒకటి. దానిని రోజుకొకటి వేసుకొని వాంతులు, అతిదాహం, తికమకతో వచ్చేవారు ఉన్నారు. చీటీని ఇద్దరు చదవండి. కాల్షియం మాత్రకూ థైరాయిడ్ మాత్రకూ నాలుగు గంటల ఎడం ఉండాలి.

ఇంట్లో

2020లో ఐ.సి.ఎం.ఆర్., మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన సిఫారసు ప్రకారం పెద్దవయసువారికి రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. గ్లాసు పాలలో దాదాపు 240, వంద గ్రాముల రాగుల్లో 350 దాకా ఉంటుంది. టీలో పోసే పాలు లెక్కలోకి రావు. రాగి జావ, పెరుగు, నువ్వులు, మునగాకు, ముళ్లతో తినే చిన్న చేపలు మన ఇళ్లలో ఉన్నవే. పప్పు, గుడ్డు తగ్గించవద్దు, కండ లేకపోతే ఎముకకు ఆసరా ఉండదు. శ్రమకాలంలో ఉపవాసం ఉండే పెద్దలు, వెన్ను మానే వరకు దానిని పక్కన పెట్టవచ్చు, మీ పాస్టరు గారిని అడిగి చూడండి.

పొద్దుటి లేత ఎండలోనే విటమిన్ డి ఉంటుందని అందరూ అంటారు. తిరుపతి స్విమ్స్ డాక్టర్ల పరిశోధనలో మన ప్రాంతపు ఎండలో ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్యే చర్మంలో అది బాగా తయారవుతుందని తేలింది. అలాగని మే నెలలో పెద్దవారిని డాబా మీద కూర్చోబెట్టకండి. చలికాలంలో కాసేపు చాలు, వేసవిలో మాత్రల మీదే ఆధారపడండి.

లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉంటే కొన్ని వారాలు కింది వాటాలో ఉండే బంధువుల ఇంట్లో పెట్టడం గురించి ఆలోచించండి. కింద కూర్చొనే మరుగుదొడ్డి అయితే ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ కొనండి, బాత్‌రూమ్ గోడకు పట్టుకునే రాడ్డు వేయించండి, వాకిట్లో జారే పట్టాలు తీసేయండి. చర్చిలో చాప మీద కూర్చోవడం, మోకరించడం వద్దు, కుర్చీలో కూర్చొని తల వంచకుండానే ప్రార్థించవచ్చు. ముందుకు వంగి చేసే వ్యాయామాలు, యోగాసనాలు కూడా వద్దు. బయటికి వెళ్లవలసి వస్తే ఆటో కంటే లిఫ్టులు ఉన్న మెట్రో సుఖం.

పుత్తూరు కట్టు మీద మన జనానికి నమ్మకం ఎక్కువ. చేయి, కాలు సంగతి ఎలా ఉన్నా, వెన్నుపూసకు బయటినుంచి కట్టి సరిచేసేది ఏమీ లేదు. వెన్ను మీద తొక్కించడం, గట్టిగా మర్దన చేయించడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయించవద్దు.

ఖర్చు విషయానికొస్తే, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్‌ను 2024 అక్టోబరులో విస్తరించారు. మీ చికిత్స దేని కిందకు వస్తుందో, ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో చేరే ముందే ఆరోగ్యమిత్రను కలిసి తెలుసుకోండి. ఎమ్మారై చేయించాక అడిగితే ఆలస్యమవుతుంది.

మొదటి రివ్యూకి వచ్చేటప్పుడు బెల్టు తొడిగించి తీసుకురండి, అది కట్టిన పద్ధతి కూడా చూస్తాం. మందుల కవరు మొత్తం, మిగిలిన మాత్రలతో సహా తేవాలి. ఇంటి గోడకు ఆనించి నిలబెట్టి ఎత్తు కొలిచి తేదీ వేసుకోండి. ఆ గీత నుంచి రెండు సెంటీమీటర్లు తగ్గితే నొప్పి లేకపోయినా మళ్లీ ఎక్స్-రే తీయించాలి. అమ్మకు వెన్నుపూస విరిగిన ఇంట్లో, యాభై దాటిన కూతురు కూడా అదే రోజు తన ఎముకల పరీక్ష గురించి డాక్టరు గారిని అడగవచ్చు.